సున్నంతో రాసిన కామెంటు

నూజివీడు దగ్గరి ఒక తోటలో, మామిడిచెట్లకు సున్నంతో నంబర్లు వేస్తున్న పెద్దావిడ, పక్కనే ఫోన్ పట్టుకుని ఆవిడ మేనకోడలు.

“అత్తా, రైతుల గ్రూపులో నీ కామెంటు మళ్లీ తీసేశారు.”

“ఈసారేమన్నానే?”

“‘పిండిపురుగు చెట్టెక్కకముందే చంపాలి’ అన్నావుగా. హింసంట.”

“అడిగిన ఆ చింతలపూడాయన సంగతేంటి?”

“అరవై చెట్లకి పట్టేసింది, ఒక్కరూ చెప్పట్లేదని ఏడుస్తున్నాడు.”

“నా నంబరివ్వు.”

“ఇచ్చాను. నంబర్లు పెట్టకూడదని అదీ తీసేశారు.”

“ఎవడే వాడు? ఒక్కసారి తోటకి రమ్మను, పురుగుల్ని చేత్తో ఏరిస్తాను.”

“మనిషి కాదత్తా, మెషీను. మాటలు చూసి తీసేస్తుంది.”

“ఫోటోలో మాటలు కూడా చూస్తుందా?”

“ఏమో మరి.”

“అయితే ఆ బకెట్టు ఇటు జరుపు.”

పెద్దావిడ కుంచె ముంచి చెట్టు మాను మీద రాసింది. మేనకోడలు పైకి చదివింది.

“‘ఇక్కడ ప్లాస్టిక్ పట్టీ చుట్టి గ్రీజు పూయి. ఎక్కే పురుగుని చంపు.’ ఇంతింత అక్షరాలేంటత్తా?”

“చింతలపూడికి కనపడొద్దూ? తియ్యి ఫోటో.”

అన్నాలు తిని లేచేసరికి ఫోన్ మోగింది.

“చూశాడా?”

“చూశాడు. గ్రీజు డబ్బా కొన్నాడంట, నీకు దండం పెట్టాడు. గ్రూపు నుంచి ఇంకో మెసేజీ కూడా వచ్చింది.”

“తీసేశారా?”

“లేదత్తా. ఈ వారం ఉత్తమ ఫోటో నీదేనంట. ఆ మెషీనే ఎంచింది. ‘ప్రశాంతమైన తోట’ అని పేరు కూడా పెట్టింది.”

“పెట్టనీ. పక్కచెట్టు ఖాళీగానే ఉంది, ఇంకాస్త సున్నం కలుపు.”