ఇరవై ఏడు పొట్లాలు

“గీ ఫిర్యాదు కాయిదం ఇయ్యాల రిజిస్ట్రార్ చేతుల పెడ్త బాపు. నాలుగేండ్ల నా కష్టాన్ని నా గైడ్ సార్ ఒక్క నవ్వుతోని మట్టిల కలిపిండు.”

“జర కూసో బిడ్డా. చాయ్ తాగు.”

ఇబ్రహీంపట్నంలో, పొద్దున ఎనిమిదింటికి, వీరస్వామి ఇంటి ముందు గదిలో జరిగిన గొడవ ఇది. ముప్పై ఏళ్లు క్వారీలో రాళ్లు కొట్టినవాడు వీరస్వామి. ఆ రాళ్ల మీదే పరిశోధన చేస్తున్నది కూతురు స్తుతి. వంటింట్లో గిన్నెలు సర్దుతున్నది తల్లి లీదియా. స్తుతికి కోపమొస్తే ముందున్న చాయ్ చల్లారుతుంది గానీ కోపం చల్లారదు.

“గంత కోపమొచ్చేటట్టు ఏమన్నడే?”

“మన గుట్ట పగుళ్లల్ల లోహం మెరుస్తది గద. ఎన్నో కోట్ల ఏండ్ల కింద, భూమి లోపల సలసల కాగిన నీళ్లు మోసుకొచ్చినయి దాన్ని. ఆ నీళ్లకు లోహం ఏడికెళ్లి దొరికిందన్నదే లొల్లి. లోపల కరిగిన రాయి ఉంటది, మాగ్మా. అండ్లకెళ్లే వచ్చిందంటడు సార్. కాదు, నీళ్లు దారి పొడుగూత ఉన్న గ్రానైట్ రాయిల నుంచి గుంజుకున్నయంట నేను. వేడినీళ్లు చాయపత్తి రసం గుంజినట్టు.”

“నీ మాటే నిజం కావచ్చు.”

“కావచ్చు కాదు. నువ్వు దంచిచ్చిన గ్రానైట్ పొడి ఇరవై ఏడు పొట్లాలు. ఇరవై ఏడింట్ల రాగి, జింకు మస్తుగ తేలినయి ల్యాబుల. రాయిల ఉన్నదే గద నీళ్లు గుంజేది? అది చూసి, రాగి, జింకు కలిస్తే ఇత్తడే గద, మీ గుట్టను కరిగిస్తే ఇత్తడి బిందెలు పోసుకోవచ్చని అందరి ముంగట ఎక్కిరించిండు.”

“ఇత్తడి అన్నడా?”

“అవ్. ఆ మీదికెళ్లి, దేంట్ల దంచినవమ్మా అని అడిగిండు.”

“దేంట్ల అని... అడిగిండా?”

“అడిగిండు. నాకు ఒళ్లు మండింది. మీరిచ్చిన తెల్లరాయి రోట్లనే దంచిండు మా బాపు, ఆయన చేతుల మీద మీకు నమ్మకం లేకుంటే మీ చదువు మీద నాకు నమ్మకం లేదన్న.”

“గట్లెందుకన్నవ్ బిడ్డా.”

“ఏమయ్యా, నా రోలేది? అల్లంఎల్లిగడ్డ దంచుదామంటే మూడు నెల్లాయె, కనవడ్తలేదు. మా అమ్మ ఇచ్చిన రోలది. నువ్వే తీసినవ్.”

“మిక్సీ ఉన్నది గద లీదియా. ఆపు జర.”

“అమ్మా, ఈడ నా బతుకు పోతుంటే నీకు రోలు కావాల్నా?”

“నీ రాళ్లు నీకెక్కువ, నా రోలు నాకెక్కువ. ఎతుకుత, ఇయ్యాల ఇల్లంత ఎతుకుత.”

“బిడ్డా, ఆ కాయిదం ఇయ్యాల ఇయ్యకు.”

“ఎందుకు?”

“ఒద్దన్న. మళ్ల దంచుత. కొత్తగ. ఇరవై ఏడు.”

“మళ్లెందుకు? నేను అబద్ధమాడిన అని ఒప్పుకోవాల్నా? పెద్దోళ్లంటే నీకు మొదటి సంది భయమే. క్వారీ మేస్త్రి నోటికొచ్చినట్టు తిట్టినా తల వంచుకునుడే. నాకు సిగ్గయితది బాపు.”

“భయం కాదే.”

“మరేంది?”

“ఆ తెల్లరాయి రోలు... మొదటి దెబ్బకే రెండు చెక్కలైంది. దాని ఖరీదెంతో, నీ మీదికొస్తదేమోనని అటక మీద దాచిన.”

“మరి దేంట్ల దంచినవ్?”

“నీ సదువు ఆగొద్దని...”

“బాపు, నిన్నే. దేంట్ల దంచినవ్?”

“ఇగో, దొరికింది. కట్టెల కింద సంచిల చుట్టి దాచిండు మీ బాపు. చూడు స్తుతీ, నా ఇత్తడి రోలు. అడుగు గింత మందముండె, కాయిదం లెక్క అరిగింది. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు. నా ఇత్తడంత ఏడికి పోయింది?”