వంటింటి బొద్దింక

కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు గాజుపెట్టె ముందే కూర్చుని ఉన్నారు. పెట్టెలో కోడలు పెంచుకుంటున్న టరాంటులా, అరచేయంత సాలీడు, కాళ్లు వణికిస్తోంది.

"ఏమైంది అత్తయ్యా దీనికి?"

"నువ్వింకా రాలేదు, పాపం పస్తు ఉందని జాలేసిందమ్మా. వంటింట్లో బొద్దింకని పట్టి వేశాను. నువ్వు వేసినట్టే, బతికున్నదే వేశాను."

"దాని వంక చూడ్డానికే భయపడే మీరా!"

"కళ్లు మూసుకుని వేశాను."

"నేను వేసేవి దుకాణంలో పెంచినవి అత్తయ్యా. మన వంటింట్లో నిన్ననే కదా పురుగులమందు కొట్టించాం!"

"అయ్యో! అందుకేనా అది అంత సులువుగా దొరికింది? డాక్టరుకి ఫోన్ చెయ్యి తల్లీ."

కోడలు అప్పటికే చేస్తోంది. అవతలి మాట విని, ఫోన్ కింద పెట్టింది.

"విరుగుడు లేదట. కదపకుండా వదిలెయ్యమన్నారు."

"కాసిని నీళ్లయినా పట్టనా?"

"గిన్నె పక్కనే ఉంది. తాగట్లేదు."

సాలీడు కాళ్లు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకుంటున్నాయి. గట్టిగా ఏదో అనబోయిన కోడలు, అత్తగారు దాని మీంచి చూపు తిప్పకపోవడం చూసి ఆగిపోయింది. పక్కనే చతికిలబడింది.

"చీదరించుకున్నన్నాళ్లూ నా వల్ల దానికి ఏ హానీ జరగలేదు," అన్నారు అత్తగారు. "ఇవాళే దగ్గరికి తీశానే అమ్మా."