యుద్ధ విమానం సెట్టింగ్

హలో… ఆ, నేనే మామయ్యా, కెన్జెబెక్‌ని. పెట్టేయకండి, ఒక్క నిమిషం—

…లేదు, జనార్ బాగానే ఉంది. పిల్లలూ బాగానే ఉన్నారు. …మీతోనే పని.

…విమానాల క్లబ్బు స్తెపానిచ్‌కి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం అన్-2 నడపలేనని చెప్పేశారట? ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ లేచే విమానం మామయ్యా అది! కోక్షెతావ్ గోధుమ పొలాలన్నిటి మీదా దాంతో మందు చల్లింది మీరే కదా, ఇంకెవరు నడుపుతారు?

…తెలుసు. మొన్న శనివారం మా ఇంట్లో కంప్యూటర్ మీద విమానం ఆటలో నాలుగుసార్లు కూలింది. అందరూ చూశారు. 'నా చేతులు పోయాయి' అని లేచి వెళ్ళిపోయారు.

…పోలేదు. అది చెబుదామనే…

…ఓదార్పు కాదు, వినండి! తప్పు నాది.

…ఎలాగంటే… ఆ జాయ్‌స్టిక్ ఉంది చూశారూ, ఒక్కో విమానానికి దాని చురుకు ఒక్కోలా పెట్టుకోవాలి. మీరొచ్చే ముందు నేను యుద్ధ విమానం నడుపుతున్నాను. వేలు తగిలితే ఎగిరిపడే సెట్టింగ్ అది. మార్చకుండానే మిమ్మల్ని అన్-2లో కూర్చోబెట్టాను. మీరేమో పాత అలవాటుకొద్దీ బలంగా లాగారు. ముక్కు లేచింది, రెక్క వాలింది…

…మరచిపోయానా? …మొదటిసారి మరచిపోయాను. నిజం.

…రెండోసారి కూలగానే తెలిసింది.

…ఎందుకు చెప్పలేదంటే… మీ అబ్బాయి ఎర్కిన్ పడీ పడీ నవ్వుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. ఎనిమిదేళ్ళుగా ఆ నవ్వు నా మీదే కదా. 'మా అల్లుడు కుర్చీ దిగకుండా అల్మాటీ వెళ్ళొస్తాడు' అని మీరనడం, వాళ్ళు నవ్వడం. ఆ ఒక్కరోజు నవ్వు అటు తిరిగింది. …తిరగనిచ్చాను.

…అవును. నేనూ నవ్వాను. 'ఇక ట్రాక్టరే నయం మామయ్యా' అన్నదీ నేనే.

అప్పటికి గంట కూడా కాలేదు, అల్లుడి మర్యాద వాటా అని గొర్రె రొమ్ము మాంసం మీ చేత్తో నా పళ్ళెంలో పెట్టి. అది తిన్న నోటితోనే…

…తిట్టండి. తిట్టండి మామయ్యా.

…జనార్‌కి తెలుసు. పొద్దున చెప్పాను. మీ నంబరు కొట్టి ఫోన్ నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది. నాతో మాటల్లేవు.

…వద్దు. మీ అమ్మాయి మొహం చూసి నా తప్పు దాచకండి. మీ చేతులు పోయాయన్న మాట ఊళ్ళో మిగలకూడదు, నా పరువు పోతే పోయింది.

…ఇంకోటి. ఆ నాలుగుసార్లూ రికార్డయ్యాయి. మీ చెయ్యి ఎప్పుడు ఎంత కదిలిందో కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది. నిన్నంతా అదే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ లాగాలో అక్కడే లాగారు. ఎక్కడ వదలాలో…

…ఏంటి?

…వణుకా? లేదు.

…లేదు మామయ్యా. నాలుగింట్లోనూ చూశాను. గీత నున్నగా ఉంది. ఎక్కడా వణుకు లేదు.

…మామయ్యా? ఏడుస్తు— …సరే సరే, జలుబే.

…పన్నెండింటికి వేరేవాళ్ళ పేరు రాసేస్తానన్నాడా స్తెపానిచ్? ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను ఫోన్ చేసి జరిగింది చెబుతా— …మీరే చేస్తారా? …సరే.

…మరి నేను? …ఎర్కిన్‌కి చెప్పాలా. చెబుతాను.

…ఒక్కడికే కాదా? ఆ రోజు బల్ల దగ్గరున్న అందరికీ. ఒక్కొక్కరికీ విడివిడిగా… పదకొండు మంది మామయ్యా.

…లేదు, బేరమాడట్లేదు. చేస్తాను.

…ముందు ఎవరికి? …అత్తయ్యకా?

…పక్కనే ఉన్నారా? ఇప్పుడేనా— …మామయ్యా, ఆగండి—

…అత్తయ్యా. నేను, కెన్జెబెక్‌ని. …అంతా విన్నారా?

…అవును. తెలిసే చేశాను.

…హలో? …అత్తయ్యా, పెట్టేశారా? …హలో?