పాత బ్రౌజర్‌లో ముఖం

మహదేవపురలోని ఆఫీసుకు పరుగున వచ్చిన పుష్పావతి, తమ కుట్టు సెంటర్‌కు వెబ్‌సైట్ చేసిపెట్టిన ఫాతిమా పక్కన నిలబడింది.

"వెబ్‌సైట్ ఫొటోలో నా ముఖం మసగ్గా పెడతామంటిరి కదా మేడం. దేవనహళ్ళి నుంచి మా చెల్లి ఫోన్ చేసింది. అక్కడి కంప్యూటర్‌లో తేటగా కనపడతా ఉండాదంట."

"మసక చేసేది బ్రౌజరే. పాత బ్రౌజర్లకు ఆ పని రాదు. అసలు ఫొటోనే చూపించేస్తాయి."

"నా మొగుడు చూస్తే? ఫొటోలో నా వెనకాల మడివాళలో ఉండే మా కుట్టు సెంటర్ బోర్డు కూడా ఉండాది. కొట్టి చంపుతానని వెతకతా ఉండాడు."

ఫాతిమా ఫొటో మార్చి తెర చూపించింది.

"ఫొటోలోనే ముఖం, బోర్డు చెరిపేశాను. ఇక ఎందులోనూ కనపడవు."

"ఇంతలోపలే చూసేసింటే?"

ఫాతిమా కంప్యూటర్ ఆపేసి బ్యాగు తీసుకుంది.

"అది నాకు తెలీదు. ఈ రోజు సెంటర్‌కి వెళ్ళకండి. మా ఇంటికి పోదాం."