మలుపు తర్వాత గుంత

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, ఆలుమగలిద్దరూ చెరో సైకిలెక్కి పొలాల మధ్య మట్టిదారి పట్టారు. ఈ దారి తనకూ కొత్తేనని బయల్దేరేటప్పుడే అతను చెప్పాడు.

"మలుపు తిరగ్గానే పెద్ద గుంత. ఎడమపక్కకి రా."

మలుపు తిరిగితే, గుంత ఉండనే ఉంది. ఆమె ఠక్కున బ్రేకు వేసింది.

"కనపడకముందే ఎలా తెలిసిందండీ?"

"ఏదో అంచనా."

"ఎడమపక్క అన్నది కూడా అంచనాయేనా?"

"పద పద, ఎండెక్కుతోంది."

"పెళ్లిలో మీ మోచేతికి కట్టుంది. బాత్రూములో జారానన్నారు."

అతను గుంతకేసి చూశాడు.

"ఆ బాత్రూము ఇదేనా?"

"ఇదే."

"చిన్నప్పట్నుంచీ సైకిల్ తొక్కుతున్నానని పెళ్లిచూపుల్లో కోతలు కోశారుగా!"

"సైకిల్ రానివాణ్ణి చేసుకోనన్నావుగా. రాదంటే అప్పుడే లేచి వెళ్లిపోయేదానివి. అందుకే పెళ్లి దాకా రోజూ పొద్దున్నే వచ్చి ఇక్కడ నేర్చుకున్నా."

"ముందింకా గుంతలున్నాయా?"

"బోలెడు. ఒక్కదాన్నీ వదల్లేదు."

ఆమె పెదవి బిగబట్టి సైకిల్ వెనక్కి తిప్పింది. అతని మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఇంటికా?"

"ఇంటికెందుకు? ఇంకో దారిలో వెళ్దాం. ఈసారి పడితే ఇద్దరం కలిసే పడదాం."