అత్తకి పని చెప్పే ట్రైనింగ్

"అమ్మమ్మా, రిటైరైపోయావుగా! మళ్ళీ షెడ్డుకెళ్ళి సూపర్‌వైజర్లకి ట్రైనింగిచ్చావంట?"

ఇచ్చానే స్నేహా! ఇచ్చానంటే... ముందు తయారుచేశా, తర్వాత ఇచ్చా. ఆ ఫోను ఇంకాస్త దగ్గర పెట్టు, సరిగ్గా రికార్డవ్వాలి.

మన రెడ్డిగూడెం రోడ్డులో మామిడికాయల ప్యాకింగ్ షెడ్డు లేదూ, నేను పనిచేసిందే, అక్కడ. ఇన్నేళ్ళూ మేస్త్రీలే సూపర్‌వైజర్లు. "ఒసేయ్, చేతులు కదపండే!" అని అరిచేవాళ్ళు. అప్పుడెవరికీ ట్రైనింగ్ గుర్తు రాలేదు. ఈ వేసవిలో మొదటిసారి ఆడవాళ్ళకి ప్రమోషనిచ్చారో లేదో, మేనేజరుగారు ఫోను చేశారు, "వీళ్ళకి మాట్లాడటం నేర్పించాలండీ" అని! చూశావా న్యాయం? సర్లే, నేర్పిద్దాం అన్నా. నాకూ హుషారే కదా.

ముందు పని జరిగే తీరు చూడాలిగా. వెళ్ళి కాయలేరే టేబుల్ దగ్గర నిలబడ్డా. అక్కడ కొత్త సూపర్‌వైజర్ సువార్త. మంచి పిల్ల. వాళ్ళమ్మది చాట్రాయి, మా తోడికోడలికి ఏదో వరస... కాదు, మా ఆడపడుచుకి. అదొదిలెయ్. ఆ టేబుల్ దగ్గర కాయలేరుతున్నదెవరనుకున్నావ్? సాక్షాత్తూ వాళ్ళత్త మార్తమ్మ! సొన మరకలున్న కాయలు కూడా మంచి కాయల క్రేట్లో వేసేస్తోంది. ఇంట్లో అత్తకి పని చెప్పే కోడలుంటుందా? అదే అలవాటు ఇక్కడా. పక్కావిడతో, "పిన్నీ, మా అత్తయ్యకి కాస్త చెప్పవా" అంది. ఆ పిన్ని ఊరుకుంటుందా? "ఏమ్మా మార్తమ్మా, నీకు కళ్ళు కనబడట్లేదంటోంది నీ కోడలు!" అని షెడ్డంతా వినబడేలా అంది.

ఇంకేముంది, మార్తమ్మ చేతిలో కాయ పడేసి బయటికెళ్ళిపోయింది. మేనేజరుగారు, "ఇంకోసారి ఇలా అయితే పాత మేస్త్రీనే పెట్టేస్తా" అన్నారు. ఆ పిల్ల మొహం చూడాలి నువ్వు!

అప్పుడు తట్టింది నాకు. ఒక్క సూపర్‌వైజర్లకే ట్రైనింగంటే కుదరదు, టేబుల్ దగ్గర కాయలేరేవాళ్ళూ రావాలని పట్టుబట్టా. మార్తమ్మతో సహా అందరూ వచ్చాక వేషాలు మార్చేశా. మార్తమ్మ సూపర్‌వైజరు, సువార్త కాయలేరాలి. మార్తమ్మ ఏం చేసిందో తెలుసా? నడుం మీద చెయ్యేసుకుని, "ఒసేయ్, అవి కళ్ళా, గోళీకాయలా?" అంది. అచ్చం మేస్త్రీనే! నవ్వలేక చచ్చామనుకో. నవ్వులాగాక అడిగా, "మరి నీకెలా చెప్తే వింటావు మార్తమ్మా?" అని.

"ఊరందరిచేతా చెప్పించొద్దండీ. నా పక్కకొచ్చి నాకే చెప్పమనండి."

అంతేనే! మిగతా ట్రైనింగంతా దాని మీదే కట్టా. పక్కకెళ్ళి చెప్పడం, చెప్పించుకోవడం, అందరిచేతా ఆడించా.

మర్నాడు సువార్త వెళ్ళి అత్త పక్కన నిలబడింది. మేనేజరుగారూ అక్కడే ఉన్నారు. కాయ చేతికిచ్చి మెల్లగా, "అత్తయ్యా, దీనికి సొన మరకుంది. జ్యూసు క్రేట్లో వేద్దామా?" అంది.

"వేద్దామా ఏంటే? వెయ్యమను! సూపర్‌వైజర్‌వి కాదూ!" అంది మార్తమ్మ. అంటూనే వేసేసింది కూడా.

అబ్బ, ఈలెయ్యాలనిపించింది తల్లీ! మేనేజరుగారు మళ్ళీ మేస్త్రీ ఊసెత్తితే ఒట్టు.

అన్నట్టు, నీకూ ఆఫీసులో టీములీడర్ పోస్టిచ్చారుగా? నీ మాట పదిమందిలో నిలబడాలి, పదిమంది మాట నీ చెవిన పడాలి. అలా చల్లగా... ఇంక ఆపవే ఆ ఫోను, చాల్లే.