విమానం దింపింది నేనే

ఏందిరా చింటూ, గోడ మీది ఫొటోల ఎవలంటవా? రెక్క మీద చెయ్యేసి నిలవడ్డది నేను, మీ తాతనే. పక్కన బక్కగున్నాయిన ముకర్రం సాబ్, భైంసాయిన. పోయి ఇరవై ఏండ్లాయె. పత్తి చేన్లకు విమానంతోని మందు కొట్టిన కాలంల ఆయన పైలెటు, నేను కింద జెండా ఊపెటోన్ని. నవ్వకు. నేను ఊపకుంటె ఆయన పోయి మహారాష్ట్రల దిగుతుండె.

ఆయన తాన రెండు విమానాలు. మందుది మోటుది. ట్యాంకు నిండితె దున్నపోతే, జోరుగ రాకుంటె దబ్బున కూలవడ్తది. ఇంకోటి ఇద్దరు కూసునేది, గాలిపటం లెక్క. జర జోరెక్కువైతె నేలకు ఆనక తేలుకుంట పోతనే ఉంటది. దేని జోరు దానిదే గని, "రాయమల్లూ, ఏదైనా ముక్కుతోని జోరు పట్టు, ఇంజన్‌తోని ఎత్తు పట్టు. కిందికైతున్నమని ముక్కు లేపినవా, జోరు సచ్చి ఖతం" అంటుండె. మీటరు సుత సూడకపోతుండె. రెక్కల తీగెలు ఈలేస్తుంటె ఇని చెప్తుండె. ఈల సన్నవడ్డదంటె జోరు తగ్గినట్టు.

ఎవల్ని ఎక్కించుకోవద్దని రూలు. పది దినాలు సతాయిస్తె నన్ను చిన్నదాంట్ల ఎక్కించుకున్నడు. బోథ్ మీద చక్కర్ కొట్టి దిగుతున్నం. చింతచెట్లు మీదికొస్తున్నయ్. ఆయన ముంగట ఉన్నట్టె నా ముంగట సుత ముక్కు లేపే కట్టె ఉండె, రెండు చేతుల పట్టి గుంజిన. ముక్కు లేసింది. ఈల బందయింది. "ఛోడ్ దే, రాయమల్లూ, ఇడిసిపెట్టు" అన్నడు మెల్లగ, ఛాయ్ అడిగినట్టు. ముక్కు నేల దిక్కే వంచిండు, ఇంజన్ రేస్ చేసిండు. చింతకొమ్మలు చక్రాలకు గీస్కపోయినయ్. దిగినం. ఒక చక్రం వంగింది, గంతే. నేను గుంజకుంటె చెట్లకు తాకుతుంటిమి. అంటె దింపిందెవలు?

గదే చెప్పుదామని, ఇచారణకొచ్చిన పెద్దసారు ముంగట ఛాతి ఇరుసుకొని నిలవడ్డ. ముకర్రం నా కాలు తొక్కిండు. "గల్తీ నాది సాబ్. నేనే ఎక్కించిన. ఈయన కట్టె ముట్టలే" అన్నడు. సూసినవా, నా పేరు రానియ్యలే, దగుల్బాజీ. ఆయన లైసెన్సు గుంజుకున్నరు. భైంసాల పత్తి కాంటా కాడ కూసున్నడు, మళ్ల విమానం ఎక్కలే. నా జెండా నౌకరి ఇంకో ఆరేండ్లు నడిచింది. నేను పోయినప్పుడల్ల ఛాయ్ తెప్పించి, అందరి ముంగట "విమానం దింపింది గీ రాయమల్లే" అంటుండె. నవ్వకపోతుండె. నేను సుత అవునంటుంటి. ఒక్కనాడన్న కాదని...

ఐలవ్వా, కరెంటు పోయిందానే? ఫ్యాన్ సప్పుడు లేదు.